గేట్లెత్తిండ్రు, ఉర్కు

“నేను గుంజనైన. మోటరేసి వస్త, జర కాపలా కాయి.”

“నాకేం తెలుసయ్యా కాపలా? గేట్లెత్తితే ఏం జెయ్యాలె?”

“ఉర్కు.”

నా మొగుడూ నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవి. ఫోను నా చేతిలో పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని, చేను గట్టు మీదుగా పోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. మోటరు వేసి రావడానికి పోయే మనిషి వెనక్కి ఎందుకు చూస్తాడు?

నాకు నా పేరు రాయడం వచ్చు. బస్సు బోర్డు మీద గద్వాల అన్న మాట గుర్తుపట్టడం వచ్చు. అంతకు మించి అక్షరం రాదు. అందుకని నేను చెబుతుంటే మా ఆడబిడ్డ రాస్తోంది. ఈమె నా మొగుడి చెల్లెలు, డిగ్రీ చదివింది. నేను ఒక తీరుగా చెబితే ఈమె పుస్తకాల్లో ఉండే తీరుగా మార్చి రాస్తుంది. రాసుకోనీ. మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం మార్చవద్దని ఒట్టు వేయించుకున్నాను.

“ఉర్కు అన్నదాన్ని పరుగెత్తు అని రాసినవనుకో, నీ చెయ్యి ఇరగ్గొడ్త.”

“రాయనే తల్లీ, రాయ. ముందుగాల ఆట ఏందో చెప్పు వదినె. సదివేటోళ్లకు గుంజేందో గేట్లేందో ఎట్ల తెలుస్తది?”

అదీ నిజమే. చెబుతాను.

అది ఫోన్లో ఆడే తుపాకుల ఆట. మనుషులు విమానంలోంచి గొడుగుల్లాంటివి పట్టుకుని దిగుతారు. కింద ఇళ్లు, గుట్టలు, గడ్డి బీళ్లు ఉంటాయి. దొరికిన తుపాకీ, దొరికిన మందు ఏరుకుని ఒకరినొకరు కాల్చుకుంటారు. చివరిదాకా మిగిలిన జట్టు గెలిచినట్టు. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి ఒక జట్టు కావచ్చు. ఒకరి మాట ఒకరికి ఫోన్లోంచి వినపడుతుంది, మొహాలు కనపడవు.

ఆయనకు ఆ ఆట నేర్పింది ఎవరో కాదు, ఇప్పుడు కలం పట్టుకుని కూర్చున్న ఈమే. బండి మీది నుంచి పడి కాలు విరిగి ఆయన మంచం ఎక్కినప్పుడు ఇంట్లో ఎవరినీ వదలకుండా తిడుతుండేవాడు. కూర ఉప్పైతే తిట్టు, కోడి అరిస్తే తిట్టు. ఈమె విసిగిపోయి ఫోన్లో ఆట ఎక్కించి ఇచ్చింది. “అన్నా, గిండ్ల ఎవరిని కాల్సినా ఎవరేమనరు. మమ్మల్ని ఇడిసిపెట్టు” అంది. కాలు అతుక్కుంది, మనిషి లేచి నడిచాడు, ఆట మాత్రం వదల్లేదు.

మేము వేసేది సీడు పత్తి, విత్తనం కోసం పండించేది. పొద్దున పూట, ముందు రోజు గిల్లి పెట్టిన ఆడ పూలకు మగ పూలు తెచ్చి రుద్దాలి. ఎండ కొంచెం వాలాక మళ్లీ రేపటి మొగ్గలు గిల్లుకోవాలి. ఈ రెండు పనుల నడుమ, పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు, అన్నం తిని కాసేపు నడుం వాల్చే సందు ఉంటుంది. ఆ సందులోనే ఆయన ఆట. కూలికి వచ్చిన ఆడవాళ్లంతా వేపచెట్టు కింద కొంగు మొహాన కప్పుకుని పడుకుంటే, ఆయన ఒక్కడు మొదలుకు వీపు ఆనించి “కొట్టు, కొట్టు, ఇడువకు” అని అరుస్తుండేవాడు.

“ఏందక్కా, మీ ఆయన ఎవరిని కొట్టమంటుండు?” అని ఒకామె కొంగు తీయకుండానే అడిగేది.

“ఎవరినో. నన్నైతే గాదు, పండుకో,” అనేదాన్ని.

ఆ ఆటలో ఆయనకు ఇద్దరు తోడు దొరికారు. ఒకాయన వనపర్తిలో టిఫిన్ హోటలు నడుపుతాడు. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక గల్లా ముందు కూర్చుని ఆడతాడు. మా ఆయనను మామా అంటాడు. ఇంకొకరు ఆడమనిషి. నాగర్‌కర్నూల్ దాటాక నల్లమల అంచున ఏదో ఊరు, అక్కడ బట్టలు కుడుతుంది. అన్నా అంటుంది. ముగ్గురిలో ఎవరూ ఎవరి మొహమూ చూసింది లేదు. పేరూ ఊరూ చెప్పుకున్నారే గాని నంబర్లు ఇచ్చిపుచ్చుకోలేదు. ఆట అయిపోయాక “రేపు?” అంటే “రేపు” అనుకోవడం, అంతే వాళ్ల చుట్టరికం.

మొదటిసారి ఆ పిల్ల గొంతు విన్న రోజు నాకు బాగా గుర్తు. గిన్నెలు సర్దుతున్నదాన్ని అట్లాగే ఆగిపోయాను.

“ఎవరది?”

“నాగర్‌కర్నూల్ పిల్ల.”

“పిల్లనా? ఏం పిల్ల?”

“ఠాణాల పెట్టినట్టు అడుగుతున్నవేందే? అన్నా అంటుంది, నువ్వే ఇను.”

పోయి ఫోనుకు చెవి ఆనించాను. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల “అన్నా, సాటుకు రా, నిన్ను ఎవరో సూస్తుండ్రు” అంటోంది.

“సూసేది నేనే,” అన్నాను.

ఫోన్లో ఇద్దరూ పగలబడి నవ్వారు. హోటలాయన “మామా, అత్త దొరికించుకుంది, ఇంక నీ పని అయిపోయింది” అన్నాడు. ఆ రోజు నుంచి నేనూ పక్కన కూర్చుని వినడం మొదలుపెట్టాను. తుపాకుల మోత నాకు పట్టలేదు. వాళ్ల మాటలు పట్టాయి.

ఒకటే ఆట, ఒకటే కష్టం, ముగ్గురి నోళ్లలో మూడు మాటలు. ఆట చేసినవాళ్లు అన్నింటికీ ఇంగ్లీషు పేర్లు పెట్టారట. జోన్ అనీ, నాక్ అనీ, లాగ్ అనీ పట్నం పిల్లలు అవే అంటారట. మా వాళ్లకు అవి తెలియక కాదు. భయం వేసినప్పుడు మనిషి నోట్లోంచి ముందు దూకేది తను రోజూ చేసే పనిలోని మాటే.

ఆట సాగుతున్నకొద్దీ చుట్టూ ఒక గీత మూసుకుంటూ వస్తుంది. దాని బయట చిక్కితే ప్రాణం పోతుంది. ఆయన దాన్ని “గేట్లెత్తిండ్రు” అనేవాడు. మాది కృష్ణ ఒడ్డు. పైన ప్రాజెక్టు గేట్లు ఎత్తారని కబురు వస్తే, ఒడ్డున ఉన్న మోటర్లు, పైపులు విప్పి నెత్తిన పెట్టుకుని పైకి ఉరకాల్సిందే. ఆ ఉరుకుడు ఆయన చిన్నప్పటి నుంచి ఎరిగినదే. అదే గీతను హోటలాయన “బంద్ జేసే టైమైంది” అంటాడు. ఆ పిల్లకు అది “అడివి అంటుకుంది.”

దెబ్బ తగిలి కింద పడితే వెంటనే చావరు. పాకుతుంటారు. పక్కవాళ్లు వచ్చి కాసేపు పట్టుకుంటే మళ్లీ లేస్తారు. అట్లా పడినప్పుడు ఆయన “మోకాళ్ల మీదున్న, లేపుండ్రి” అని అరిచేవాడు. హోటలాయన “ఒలికిపోయిన మామా, ఒలికిపోయిన” అనేవాడు. ఆ పిల్ల “కుట్టూడింది, ఎవరన్న టాకా ఎయ్యుండ్రి” అనేది. సిగ్నలు లేక బొమ్మ కదలకుండా నిలిచిపోతే మా ఆయనకు బండి బురదలో దిగబడినట్టు, హోటలాయనకు గ్యాస్ అయిపోయినట్టు, ఆమెకు దారం చిక్కుపడినట్టు. కొత్తగా వచ్చి ఆడరాని వాడిని మా ఆయన పచ్చికాయ అనేవాడు. ఆ ఒక్క మాట మిగతా ఇద్దరూ కూడా వెంటనే పట్టుకున్నారు.

గుంజ మాట దగ్గర మాత్రం పెద్ద పంచాయితీ. ఆడుతూ ఆడుతూ ఎవరైనా పని పడి ఫోను పక్కన పెట్టి పోతే, వాళ్ల బొమ్మ గడ్డి బీట్లో అట్లాగే నిలబడి ఉంటుంది. అది గుంజ, మేకను కట్టేసే గుంజ.

“గుంజ ఏంది మామా, మనిషి గాదా? పార్సిల్‌కు నిలవడ్డడు అను.”

“పార్సిల్‌కు నిలవడ్డోడు అటిటు సూస్తడు. గీడు సూస్తలేడు. గుంజనే.”

“అన్నా, మా దుకాణంల బొమ్మ ఉంటది. దినాం ఒక చీర కడ్త. అది గుంజ ఎట్లయితది?”

“చీర కడ్తె బొమ్మ. తుపాకి పట్టుకుంటె గుంజ. నడువుండ్రి.”

వేరే జట్లలో ఎవరైనా అట్లా నిలబడిపోతే వదిలేసి పోతారట. గెలవాలంటే పోవాలి మరి. ఈ ముగ్గురు పోయేవాళ్లు కాదు. హోటలాయనకు గిరాకీ వస్తుంది, ఆ పిల్లకు ఎవరో జాకెట్టు కొలత ఇవ్వడానికి వస్తారు, మా ఆయనకు మోటరు. ఎవరు లేచిపోయినా మిగిలిన ఇద్దరూ గుంజకు చెరో దిక్కున నిలబడేవారు. దాని పేరు కాపలా. దానికి మాత్రం ముగ్గురికీ ఒకటే మాట. కాపలా కాయబట్టే వాళ్లు గెలిచింది తక్కువ. ఓడిపోయిన రోజు కూడా ఆయన మొహం కడుక్కుని సంతోషంగానే మొగ్గల దగ్గరికి వచ్చేవాడు.

ఆ రోజు కూడా అట్లాగే. ఆట మధ్యలో కరెంటు వచ్చింది. నీళ్లు పారించాలి. నాకు ఫోను ఇచ్చి పోయాడు. ముందు చెప్పిన మాటలు అవే.

ఫోను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. వాళ్లిద్దరూ అలవాటుగా వచ్చి నా బొమ్మకు చెరో దిక్కున నిలబడ్డారు. కాసేపటికి ఆ పిల్ల “అన్నా, అడివి అంటుకుంది, వచ్చినవా లేదా?” అంది. ఆయన బొటనవేలు ఆడించే చోట నా బొటనవేలు పెట్టి గట్టిగా తోశాను. బొమ్మ ఉరికింది. ఉరికి ఉరికి ఒక గోడకు తగులుకుంది. నేను తోస్తూనే ఉన్నాను, అది గోడను పొడుస్తూనే ఉంది.

“మామా, పట్టపగలే ఏస్కున్నవా? గోడేం జేసింది నిన్ను?” అని హోటలాయన నవ్వాడు. ఆ పిల్ల నవ్వింది. వాళ్ల నవ్వు చూసి నేనూ నవ్వాను. నవ్వుతుండగానే మోటరు దిక్కు నుంచి ఒక ఆడమనిషి కేక వినపడింది. ఫోను ఎక్కడ పడేశానో తెలియదు.

కరెంటు పట్టింది. గద్వాల దవాఖానకు తీసుకుపోయారు. చేసేది ఏమీ లేదన్నారు. దీని గురించి ఇంతకన్నా చెప్పను. నువ్వూ కల్పించి రాయకు.

మూడోనాడు పిట్టకు పెట్టాము. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా అందరం దూరంగా నిలబడాలి. ముట్టకపోతే ఆ మనిషికి ఇంకా ఏదో మీద మనసు ఉన్నట్టు. బోటికూర పెట్టాం, జొన్నరొట్టె పెట్టాం, కల్లు ముంత, బీడీల కట్ట పెట్టాం. చెట్టు మీద కాకులున్నాయి, ఒక్కటీ దిగలేదు. ఎండ ముదిరింది. ఎవరో ఎల్లిపాయ కారం మరిచిపోయామంటే ఉరికిపోయి అదీ తెచ్చారు. దిగలేదు.

మా అత్త లేచింది. “వాని పానం ఈటి మీద లేదు. ఆ ఫోను తెండ్రి,” అంది.

“అవ్వా, పిట్ట ఫోను ముడ్తదానే?” అని మా దాయాదుల్లో ఒకాయన.

“నీ అయ్యకు సుట్ట పెట్టినప్పుడు పిట్ట తాగిందారా? తెమ్మంటే తే.”

వేపచెట్టు కింద దొరికిన ఫోను ఆడబిడ్డ దగ్గర ఉంది. తెచ్చి విస్తరి పక్కన పెట్టింది. పెట్టి, ఒక క్షణం ఆగి, “ఉత్త ఫోను పెడ్తే ఏం లాభం” అని ఆట తెరిచింది. తెరిచీ తెరవగానే అటు నుంచి ఆటకు రమ్మని పిలుపు వచ్చిందట. పిలుపు వస్తే ముట్టుకోవడం అలవాటు కదా, ముట్టుకుంది.

“మామొచ్చిండు!”

“అన్నా! ఎటువోయినవ్? ఆ దినం గోడను పొడిసి పొడిసి పోయినవ్, మల్ల కనవడలే.”

“అత్త ఫోను గుంజుకున్నట్టుంది. అత్తా, జర ఇడిసిపెట్టు మా మామను.”

నిలబడ్డవాళ్లంతా ఫోను దిక్కు తిరిగారు. అంతలో కాకి దిగింది. బోటి ముక్క పట్టుకుని లేచిపోయింది. ముసలివాళ్లు చేతులు జోడించారు. మా అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. అందరూ కాకిని చూస్తున్నారు, నేను ఫోనును చూస్తున్నాను. వీళ్లకు తెలియదు. ఈ ఇద్దరికీ తెలియదు.

ఆడబిడ్డ వంగి ఏదో చెప్పబోయింది. నేను పోయి ఫోను లాక్కుని నొక్కి ఆర్పేశాను.

“చెప్పకు.”

“ఎందుకు వదినె?”

ఫోను కొంగులో చుట్టుకుని పక్కకు పోయాను, అంతే. ఇప్పుడు చెబుతాను, రాసుకో. మా ఊళ్లో ఆయన పోయాడని అందరికీ తెలుసు. ఇటిక్యాల దాకా, మానవపాడు దాకా చుట్టాలందరికీ తెలుసు. కానీ వనపర్తిలో ఒక హోటలు గల్లా ముందర, నల్లమల అంచున ఒక కుట్టు మిషను ముందర, ఆయన ఇంకా మోటరు వేసి రావడానికి పోయినవాడే. ఆ రెండు చోట్ల ఆయన వస్తాడు. నేను చెబితే ఆ రెండు చోట్ల కూడా పోతాడు.

దినాలు అయ్యాక మళ్లీ చేను పని మొదలైంది. పూలు ఆగవు కదా. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నేను ఆయన ఆనుకున్న చోటే ఆనుకుని ఫోను తీసేదాన్ని. మైకు గుర్తు ఎక్కడుందో, దాని మీద గీత ఉంటే నా మాట బయటికి పోదని ఆడబిడ్డ చూపించింది. గీత ఉందో లేదో పదిసార్లు చూసుకుని ఆటలోకి పోయేదాన్ని.

“మామ మైకు ఖరాబైంది,” అని హోటలాయన తేల్చేశాడు.

“మైకు ఖరాబైతే ఆట గూడ ఖరాబైతదా? సంతల తప్పిపోయినోని లెక్క తిరుగుతుండు సూడు.”

“కాలు ఇరిగిన దెబ్బ ఇప్పుడు నెత్తికెక్కినట్టుంది తియ్యి.”

అట్లా తిడుతూనే కట్లు, మందులు, గుండ్లు తెచ్చి నా కాళ్ల ముందు పడేసేవారు. నేను వాళ్ల వెనక నడవడం నేర్చుకున్నాను. గోడ వస్తే పక్కకు తిరగడం నేర్చుకున్నాను. కాల్చడం మాత్రం ఎన్నడూ కాల్చలేదు. ఒకసారి ఎవరో ఇంటి మూల నుంచి ఎదురు వచ్చాడు. ఎవరి బిడ్డవో, పోరా నాయనా, అని చూస్తూ నిలబడ్డాను. వాడు మాత్రం పోలేదు.

ఇంట్లో ఆయన మాటలు ఎవరూ అనడం మానేశారు. నా ముందర అంటే నేను ఏడుస్తానని భయం. ఆయన పేరు తీసినా గొంతు తగ్గించేవారు. మనిషి పోతే పోయాడు, మాట కూడా ఇంట్లోంచి లేచిపోయింది. ఎవరైనా ఊరికే కోపంలోనైనా పచ్చికాయ అంటే బాగుండునని కాచుకుని కూర్చునేదాన్ని. అనేవారు కాదు.

ఫోన్లో మాత్రం వేరే సంగతి జరిగింది. ఆయన నోరు మెదపడం లేదని వాళ్లు ఆయన మాటలతోనే ఆయనను కెలకడం మొదలుపెట్టారు. “మామా, గేట్లెత్తిండ్రంట, మోటరు ఇప్పుకున్నవా?” అని ఒకరు. “అన్నా, మోకాళ్ల మీదున్న, లేపవా?” అని ఒకరు. మొదట ఎగతాళికి అన్నారు. అనగా అనగా అలవాటైంది. బంద్ చేసే టైమైందని హోటలాయన అనడం మానేశాడు. గీత కనపడగానే గేట్లెత్తిండ్రు అని అతని నోటనే వచ్చేది. అడవి అంటుకుందని ఆ పిల్ల కూడా అనడం లేదు. నల్లమల పిల్లకు నది గేట్లతో ఏం పని? అయినా అనేది.

అది ఆయన గొంతు కాదు. ఆయన మాటే. ఒకసారి ఆ పిల్ల “బురదల దిగవడ్డది” అన్నప్పుడు, అచ్చం ఆయన అన్నట్టే దిగవడ్డది దగ్గర సాగదీసింది. ఆ రోజు మొగ్గలు గిల్లుతుంటే చేతులు ఆడలేదు. పొద్దు గూకేదాకా ఆ సాగదీత ఒక్కటే చెవిలో తిరిగింది. రేపటి మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని, ఈడొచ్చిన ఆడపిల్ల ఎదురుచూసినట్టు ఎదురుచూశాను. ఈ వయసులో, ఈ మొహంతో. రాయి, సిగ్గేముంది.

అట్లాగే నడిచిపోయేదేమో. ఒక రోజు హోటలాయన అన్నాడు: “మామా, వచ్చే ఐతారం ఇటిక్యాలకు పెండ్లికొస్తున్న. మీ ఊరు పక్కనే గదా. అడుక్కుంట వస్త. నీ మైకు సంగతి నేను సూస్త.”

“నాకు దూరమైతది, లేకుంటె నేను గూడ వద్దును. నా తరఫున అన్నకు రెండు తిట్లు వెట్టి రా,” అని ఆ పిల్ల.

ఊళ్లోకి వచ్చి ఫలానా ఆయన ఇల్లు ఎక్కడ అని అడుగుతాడు. మొదట ఎదురైనవాళ్లే చెబుతారు. నడిబజారులో, చేతిలో మిఠాయి పెట్టె పట్టుకుని వింటాడు.

ఆ సాయంత్రం ఆడబిడ్డను పట్టుకున్నాను.

“నువ్వు జెప్పు వాళ్లకు. నీకు తీరుగ చెప్పొస్తది.”

“నేను జెప్ప వదినె. అన్న పోయిండని ఫోను జేసి జేసి చుట్టాలందరికి నేనే చెప్పిన. నా నోరు ఎండిపోయింది. ఈ ఇద్దరు నీ మనుషులు. నువ్వే చెప్పు.”

“చెప్తే మల్ల రారు వాళ్లు.”

“రాకుంటె రారు. అన్నను ఇంకెన్ని దినాలు గుంజ లెక్క నిలవెడ్తవ్?”

కోపం వచ్చింది. రొట్టె మాడిపోతున్నా చూడకుండా లోపలికి పోయాను. కానీ ఆ రాత్రంతా ఆ మాట నన్ను వదల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం చెట్టు కింద కూర్చుని మైకు మీద గీత తీసేశాను. నోరు తెరిస్తే ముందు దగ్గు వచ్చింది.

“మామ దగ్గిండు! ఇన్నవా, మామ దగ్గిండు! మైకు బాగైంది!”

“మామ గాదు,” అన్నాను. “నేను. ఆయన పెండ్లాన్ని.”

“అత్తా! మంచిగున్నవా? మామేడి, ఫోనియ్యి.”

“లేడు నాయనా.”

“ఎటువోయిండు?”

“మోటరేసి వస్తనని పోయిండు. మీరు గోడ కాడ నవ్విన దినమే. కరెంటు వట్టింది. అప్పటిసంది ఆడేది నేనే.”

ఆ పిల్ల ఆడుతున్నప్పుడు వెనక దుకాణంలో ఎవరో మిషను తొక్కుతున్న చప్పుడు ఎప్పుడూ వస్తుండేది. అది ఆగిపోయింది. వనపర్తిలో ఎవరో వచ్చి రెండు చాయలు అన్నారు. “లేవు, పో” అన్నాడు హోటలాయన. ఫోను గల్లా మీద పెట్టిన చప్పుడు వినపడింది. హోటలాయన బొమ్మ గడ్డిలో అట్లాగే నిలబడిపోయింది.

ఆ పిల్ల ముక్కు ఎగబీల్చుకుంటూ తన బొమ్మను నడిపించుకుని వచ్చి దాని పక్కన నిలబడింది. నాకు ఎవరూ చెప్పలేదు. నేను కూడా నడుచుకుంటూ పోయి రెండో పక్కన నిలబడ్డాను. ఇద్దరం ఆడవాళ్లం కాపలా కాశాం. నేను చెట్టుకు ఒరిగిపోయాను, బొమ్మ మాత్రం నిటారుగా నిలబడింది.

చాలాసేపటికి ఆ పిల్ల, “వదినె” అంది. అంతకుముందు ఎన్నడూ నన్ను అట్లా పిలవలేదు.

“ఆఁ.”

“గేట్లెత్తిండ్రు.”

చూశాను. గీత మా మీదికి వస్తోంది.

“కాపలా ఉన్నప్పుడు పోవద్దు గదనే,” అన్నాను.

అప్పుడు హోటలాయన ఫోను తీసుకున్నాడు. “ఇంక ఈడనే ఉన్నరా మీరు? సస్తరు. అత్తా, ఉర్కు!”

ఉరికాను. ముగ్గురం ఉరికాం. ఇళ్ల సందుల్లోంచి, గుట్ట పక్క నుంచి, ఎక్కడా గోడకు తగలకుండా ఉరికాను. ఆ రోజు గెలిచామో ఓడామో నాకు తెలియదు. కళ్లలో నీళ్లు నిండి ఏమీ కనపడలేదు. ఆట అయిపోయింది. తర్వాత ఆ పిల్లే అడిగింది, “రేపు?” అని. నేను “రేపు” అన్నాను.

ఆదివారం పెళ్లికి వచ్చి హోటలాయన మా ఇంటికి వచ్చాడు. గొంతు విని పెద్ద మనిషి అనుకున్నాను. బక్కపలచగా, నా భుజం దాకా ఉన్నాడు. హోటలు గారెలు పొట్లం కట్టించుకుని వచ్చాడు. మా అత్తకు ఇచ్చి, మంచం మీద కూర్చుని, ఎటు చూడాలో తెలియక వాకిట్లోకి చూస్తూ ఉండిపోయాడు. మేక కట్టేసి ఉంది అక్కడ.

“అత్తా, గదేనా గుంజ?”

“గదే.”

లేచి పోయి దాని మీద చెయ్యి వేశాడు. “పార్సిల్‌కు నిలవడ్డోని లెక్క అసలే లేదు. మామ చెప్పిందే కరెక్టు,” అన్నాడు. మోటరు ఉన్న దిక్కు అడగలేదు. నేను చూపించలేదు.

పోయేటప్పుడు చెప్పులు వేసుకుంటూ అన్నాడు, “అత్తా, ఏ మాట మామది, ఏ మాట నాది అనేది నాకే కలిసిపోతుంది. మొన్న హోటల్ల గిన్నె కింద వడ్డది. మోకాళ్ల మీదున్నది, లేపుండ్రి అన్న. పనోళ్లు ఒకటే నవ్వుడు. ఇప్పుడు ఆటల నాలుగో మనిషి ఒకడు వచ్చి చేరిండు, వానికి అన్ని ఇంగ్లీషు మాటలే. కొన్ని దినాలు పోతే మనం గూడ మరిచిపోతం. యాడన్న రాసిపెట్టియ్యి.”

ఆ భయం నాకూ ఉంది. ఇంకొన్నాళ్లకు గేట్లెత్తిండ్రు అన్నది ఆ పిల్ల మాటే అనుకుంటారు. ఆ పిల్ల పిల్లలు తమ మాట అనుకుంటారు. మాట ఉంటుంది, మనిషిది అని ఉండదు. అందుకే ఈమెను కూర్చోబెట్టి చెప్పాను. గేట్లెత్తుడు ఆయనది. గుంజ ఆయనది. మోకాళ్ల మీదుండుడు, బురదలో దిగబడుడు, పచ్చికాయ, అన్నీ ఆయనవి. ఒలుకుడు హోటలాయనది, కుట్టూడుడు ఆ పిల్లది. నాది ఏమీ లేదు. నేను విన్నాను, అంతే.

చాలు ఇంక. కలం పక్కన పెట్టు. చదువు నాకు, మొదటి నుంచి. ఆయన మాట దగ్గర మగ గొంతు పెట్టకు, నీ గొంతుతోనే చదువు. నా మాట నువ్వు చదవొద్దు, నేనే అంటాను. గేట్లెత్తితే ఏం జెయ్యాలె అని నేను అడుగుతాను. అడిగినాక జర ఆగి, ఆయన ఏమన్నాడో నువ్వు చెప్పు.

ఊఁ, చదువు.